హిజ్లీ పాత భవనము: నిర్మాణము, చరిత్ర
(సంఘ వార్షికోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



విశాఖపట్టణమునుండి కలకత్తాకు పోవు రైలుబండిలో ప్రయాణించు తెలుగువానికి ఖరగపూరు స్టేషనులో మాతృభాష చెవిని బడుట క్రొత్త కాదు. హౌరాకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున నున్న యీ పట్టణము రైల్వే వలన పుట్టి, రైల్వే వలననే పెరిగినది. 1072 మీటర్ల పొడవుగల దాని ప్లాట్‌ఫారము ప్రపంచమునందెల్ల పొడవైనదిగా చిరకాలము పేరొందినది. 2013లో గోరఖపూరు ప్లాట్‌ఫారము దానిని మించినది. ఖరగపూరు అనినంతనే జనులు రెండే చెప్పుదురు: ఒకటి ఆ ప్లాట్‌ఫారము, రెండవది ఐ.ఐ.టి. ఆ విద్యాలయపు ఆవరణయందు ఒక పాత భవనము కలదు. విద్యాలయము పుట్టినది ఆ భవనమునందే. అంతకు పూర్వము అది చెఱసాల. అంతకు పూర్వము అది ఒక కచ్చేరీ కావలసిన కట్టడము. నేటి ప్రసంగమునకు ఆ భవనమే విషయము.

ముందుగా ఆ ఊరికిని తెలుగువారికిని గల సంబంధమును కొంచెము చెప్పవలసియున్నది. బెంగాలు నాగపూరు రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. పందొమ్మిదవ శతాబ్దము ముగియు వేళకు ఆ కంపెనీ ఖరగపూరును కూడలిగా నెన్నుకొని, అచట గొప్ప కార్ఖానాను నిర్మింప నారంభించెను. 1900లో రూపనారాయణ నదిపై వంతెన తెరువబడుటతో హౌరాకు నేరుగా మార్గ మేర్పడినది. 1902లో వాల్తేరునుండి కటకమువరకు గల తూర్పుకోస్తా మార్గముకూడ ఆ కంపెనీ చేతిలోనికి వచ్చెను. అంతట గంజాము, విశాఖపట్టణము జిల్లాల తెలుగువారికి ఖరగపూరు దూరదేశముగాక, అదే దారిలో నున్న మఱియొక స్టేషను అయ్యెను. కమ్మరులు, వడ్రంగులు, ఫిట్టర్లు, గుమాస్తాలు కుటుంబములతో తరలివచ్చిరి. నింపురా, మథురాకాటీ మున్నగు రైల్వే నివాసములందు వారి సంతతి నేటికిని తెలుగు మాటలాడుచున్నది. బెంగాలు నాగపూరు రైల్వే కార్మిక సంఘమునకు నాయకుడై, 1927లో ఖరగపూరు కార్మికుల సమ్మెలను నడిపినవారు బరంపురమున జన్మించిన వరాహగిరి వెంకటగిరిగారు. వారే పిమ్మట 1969లో రాష్ట్రపతి అయిరి. కావున ఖరగపూరు చరిత్ర పరుల చరిత్ర కాదు. అందొక పుట మనది.

ఇక హిజ్లీ. ఈ పేరు మొదట సముద్రతీరమునకు చెందినది. మేదినీపూరు జిల్లా దక్షిణమున, రసూల్‌పూరు నది సాగరమును గలియుచోట నుండిన పాత రేవునకు హిజ్లీ యని పేరు. 1687లో జాబ్ చార్నాకు మొగలు సేనలతో పోరాడినది అచటనే. ఆ ప్రాంతపు పేరు ఖరగపూరు చెంతనున్న యీ స్థలమునకు వచ్చుటకు ఒక దఫ్తరు కారణము.

మేదినీపూరు మిక్కిలి పెద్ద జిల్లా. అంతేగాక వంగదేశ విభజనోద్యమ కాలమునుండి ప్రభుత్వమునకు కంటిలో నలుసైన జిల్లా. 1908లో ఉరికంబ మెక్కిన ఖుదీరాం బోసు ఆ జిల్లావాడే. ఇంత పెద్ద జిల్లాను ఒక కలెక్టరు పాలింపజాలడనియు, దానిని రెండుగా విభజించి హిజ్లీ జిల్లాయని క్రొత్తగా నొకదాని నేర్పరుపవలెననియు 1910 తరువాతి సంవత్సరములందు ప్రభుత్వము తలపోసెను. రైల్వే కూడలికి చేరువగా నున్న ఎఱ్ఱమట్టి మిట్టయందు ముఖ్యస్థానమునకై భవనములు కట్టించిరి. కాని జిల్లా మాత్రము ఏర్పడలేదు. యుద్ధము వచ్చెను, ఖర్చు పెరిగెను, ప్రజలు విభజనకు సమ్మతింపరైరి. దఫ్తరు మూతపడెను. భవనము నిలిచినది, అందు కూర్చుండవలసిన కలెక్టరు రాలేదు. మంజూరైన కట్టడము పూర్తియై, దానిని కోరిన పథకము రద్దగుట సచివాలయములందు పనిచేయువారికి వింతగా తోచదు. హిజ్లీయందు ఆ సామాన్యమైన సంగతియే అసామాన్యమైన కథకు తొలి మెట్టయ్యెను.

భవనపు రూపమును చూతము. పొడవైన ముఖభాగము, నడుమ ఎత్తుగా లేచిన గోపురము, దానికి ఇరువైపుల సమముగా చాచిన రెక్కలు, వరుసలుగా సాగిన కమానులు. ఆ కాలపు ప్రభుత్వ కట్టడములలో ఇట్టి అమరిక తఱచుగా కానవచ్చును. నడుమ గోపురము అధికారమునకు గుర్తు. దూరమునుండి వచ్చు రైతునకు సర్కారెక్కడ నున్నదో అది చెప్పకయే చెప్పును. రెండు రెక్కల సమత్వము పరిపాలనలోని క్రమమునకు గుర్తు. వరండాలు ఎండనుండియు, జడివాననుండియు లోని గదులను కాపాడును. అర్జీలు చేతబట్టుకొని పిలుపునకై కాచుకొనియుండు జనులకు నిలువనీడ నిచ్చును. గోడలు మందము, పైకప్పు ఎత్తు, గాలి అడ్డముగా వీచుటకై ఎదురెదురుగా ద్వారములు. విద్యుత్తు విసనకఱ్ఱలు లేని కాలమున వేసవిని తట్టుకొనుటకు ఇంతకు మించిన యుపాయము లేదు.

ఇటువంటి పాత కట్టడములను కట్టినది సిమెంటుతో కాదు, డంగుసున్నముతో. సున్నమును ఇసుకతోగాని, బెంగాలులో సుర్ఖీ యని పిలుచు ఇటుకపొడితోగాని కలిపి, గానుగలో నూఱి, ఇటుకల నడుమ పెట్టుదురు. మన యూళ్ల పాత మిద్దెలు కట్టినదియు నిట్లే. సున్నము మెల్లగా గాలినుండి బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని రాయి యగును. దానికి కొంత లొంగుబాటు కలదు. పునాది రవంత క్రుంగినను గోడ పగులక సర్దుకొనును. లోన చేరిన చెమ్మను బయటికి పోనిచ్చును. ఈ గుణములను గుఱించి తిరిగి ప్రసంగింపవలసియున్నది.

ఖాళీగా నున్న భవనమునకు 1930లో పని దొరికినది. ఆ సంవత్సరము ఏప్రిలు 18వ తేదీన చిట్టగాంగు ఆయుధాగారముపై సూర్యసేను అనుచరులు దాడి చేసిరి. ఒకవైపు ఉప్పు సత్యాగ్రహము, మఱియొకవైపు విప్లవోద్యమము. బెంగాలు జైళ్లు నిండిపోయినవి. విచారణ లేకయే అనుమానముపై నిర్బంధించుటకు ప్రభుత్వము శాసనము చేసికొనెను. అట్లు నిర్బంధింపబడినవారు శిక్షపడిన నేరస్థులు కారు. వారిపై అభియోగము న్యాయస్థానమున విచారింపబడలేదు. వారు ఎన్నడు విడుదల యగుదురో వారికే తెలియదు. అట్టివారి కొఱకు మొదట ఉత్తరమున బక్సా కోటను, పిమ్మట హిజ్లీని శిబిరములుగా నేర్పరచిరి. స్త్రీలకు చేరువలోనే వేఱుగా నొక కారాగార ముండెను. అర్జీదారుల కొఱకు కట్టిన భవనమును ఖైదీలకు మార్చుటకు ఎక్కువ శ్రమ యక్కఱలేదు. కావలివారిని చుట్టును నిలిపి, వెలుపలికి దారి మూసిన చాలును. సర్కారు ఎక్కడ నున్నదో చూపుటకు లేపిన గోపురము ఇప్పుడు బందీల తలలపై నిలిచినది.

1931 సెప్టెంబరు 16వ తేదీ రాత్రి. కావలి సిపాయిలు శిబిర భవనముపైకిని, లోపలి నిరాయుధులైన నిర్బంధితులపైకిని తుపాకులు కాల్చిరి. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త అను ఇద్దఱు మరణించిరి, పలువురు గాయపడిరి. నిర్బంధ శిబిరము లోపల బందీలపై కాల్పులు జరుగుట దేశమును కలచివైచెను. సుభాష్ చంద్ర బోసు హిజ్లీకి వచ్చి, మృతదేహములను అంత్యక్రియలకై కలకత్తాకు తీసికొనిపోయెను. రవీంద్రనాథ ఠాకూరునకు అప్పటికి డెబ్బదియేండ్లు. ఆరోగ్యము సరిగా లేకున్నను ఆయన సెప్టెంబరు 26వ తేదీన కలకత్తా మైదానమున ఆక్టర్లోనీ స్తంభము చెంత జరిగిన మహాసభకు అధ్యక్షత వహించి, కాల్పులను ఖండించెను.

కాల్పుల తరువాత జరిగిన మఱియొక సంగతి ప్రభుత్వోద్యోగులు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. ప్రభుత్వము ఒక విచారణ సంఘమును నియమించెను. సంఘములోనివారు ప్రభుత్వపు వేతనము దినువారే. వారిని నియమించిన ప్రభుత్వమే కాల్పులు కాల్చిన సిపాయిలకును యజమాని. శిబిరము లోపలివారే ముందు దాడి చేసిరని అధికారుల తొలి ప్రకటనలు చెప్పుచుండెను. సంఘమువారు సాక్షులను విచారించి, భవనముపైకిని నివాసులపైకిని అట్లు విచ్చలవిడిగా కాల్చుటకు ఎట్టి సమర్థనయు లేదని నివేదికలో వ్రాసిరి. ఆ వ్రాత మరణించినవారిని బ్రతికింపలేదు, శిబిరమును మూయింపలేదు. అయినను మృతులపై మోపబడిన నింద ఆ కాగితముతో తొలగిపోయినది. ప్రభుత్వము పక్షమున వ్రాయుట వేఱు, నిజము పక్షమున వ్రాయుట వేఱు అని తెలిసిన అధికారులు పరప్రభుత్వమునందును కొంద ఱుండిరి. స్వప్రభుత్వమున అట్టివారు మఱింత ఎక్కువగా నుండవలెనని కోరుట అత్యాశ కాదు.

శిబిరము 1937లో మూయబడి, 1940లో మరల తెరువబడి, 1942లో కడపటిసారిగా మూతపడెను. నిర్బంధితులను ఇతర స్థలములకు తరలించిరి. అంతటితో భవనమునకు విశ్రాంతి దొరకలేదు. రెండవ ప్రపంచయుద్ధము బర్మా దాటి వంగదేశపు గడపకు వచ్చినది. 1944లో అమెరికా వైమానిక దళమునకు చెందిన ఇరువదియవ బాంబరు కమాండు ఖరగపూరును ముఖ్యస్థానముగా చేసికొని, హిజ్లీ భవనములో కార్యాలయము పెట్టెను. రైల్వే కూడలి, విశాలమైన మిట్టనేల, సమీపమున ఓడరేవు - ఈ మూడును వారి నాకర్షించినవి. బి-29 అను మహా విమానముల కొఱకు ఖరగపూరు చెంతను, చాకులియా, పియార్డోబా, దూధ్‌కుండీలందును విమానాశ్రయములు సిద్ధపరచిరి. ఆ విమానముల మొదటి యుద్ధయాత్ర 1944 జూను 5వ తేదీన ఇచటినుండియే బాంకాకుపై జరిగెను. జపానుపైకి పోవలెనన్నచో అవి హిమాలయములు దాటి చీనాలోని చెంగ్డూ చేరి, అచట చమురు నింపుకొని సాగవలసియుండెను.

అదే మేదినీపూరు జిల్లాలో 1942 అక్టోబరు 16వ తేదీన తుపాను విరుచుకుపడి ఊళ్లకు ఊళ్లు కొట్టుకొనిపోయినవి. 1943లో కఱవు వచ్చినది. తిండిలేక పల్లెజనులు రైలుస్టేషనుల దారి పట్టిరి. ఆ మఱుసటి యేడే అదే జిల్లాలో, లెక్కకు మిక్కిలియైన ధనముతో, కొన్ని మాసములలో మైళ్ల పొడవున రన్‌వేలు లేచినవి. చేయవలెనను సంకల్ప మున్నచో ఎంత పని ఎంత వేగముగా జరుగునో, ఆ సంకల్పము ఎవరి కొఱకు కలుగునో, ఎవరి కొఱకు కలుగదో ఆ రెండేండ్ల చరిత్రయే చెప్పుచున్నది. 1945లో బాంబరు దళము పసిఫిక్కు ద్వీపములకు తరలిపోయెను. భవనము మరల ఖాళీ అయినది.

ఈ పర్యాయము వచ్చిన ఉత్తరువు వేఱు విధమైనది. యుద్ధానంతర పరిశ్రమల కొఱకు ఉన్నత సాంకేతిక విద్యాలయములు కావలెనని, నళినీ రంజన్ సర్కారు అధ్యక్షతను గల సంఘము 1946లో దేశపు నాలుగు దిక్కులందును నాలుగు సంస్థలను స్థాపింప సిఫారసు చేసెను. అమెరికాలోని మసాచుసెట్స్ సంస్థ వారికి ఆదర్శము. తూర్పుదిక్కు సంస్థకు ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయి హిజ్లీ స్థలమును ఇప్పించెను. 1950 మే మాసమున కలకత్తాలోని ఎస్ప్లనేడు ఈస్టులో ఒక చిన్న కార్యాలయముగా మొదలైన ఆ సంస్థ, సెప్టెంబరునాటికి హిజ్లీకి చేరెను. రసాయన శాస్త్రవేత్త జ్ఞానచంద్ర ఘోషు ప్రథమ సంచాలకులు. 1951 ఆగస్టు 18వ తేదీన విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాదు ప్రారంభోత్సవము చేసిరి. మొదటి యేడు విద్యార్థులు 224 మంది, అధ్యాపకులు 42 మంది. తరగతులు, ప్రయోగశాలలు, కార్యాలయము అన్నియు పాత శిబిర భవనమునందే.

ఇరువదియేండ్ల క్రిందట ఏ వరండాలలో నిర్బంధితులు విడుదల దినమును ఎఱుగక పచార్లు చేసిరో, ఆ వరండాలలో అదే యీడు యువకులు లెక్కలు, యంత్రశాస్త్రము చదువుకొనిరి. గోడలవే, కమానులవే, గోపుర మదే. మారినది ఒక్కటే: ఆ గదులలో యువకుల నుంచుటకు గల కారణము.

క్రొత్త భవనమునకు 1952లో జవహర్లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. స్విట్జర్లాండు శిల్పి వెర్నర్ మోజరు చేయి అందు కలదు. అందునను నడుమ ఒక గోపురము కలదు. కాని అది నీళ్లతొట్టిని మోయు గోపురము. పాత గోపురము అధికారమును చూపుటకు లేచినది, క్రొత్త గోపురము అందఱి దాహము తీర్చుటకు. రెండు కాలముల రాజ్యనీతికిని గల భేదమును ఈ రెండు గోపురములును పక్కపక్కన నిలిచి చెప్పుచున్నవి. 1956 ఏప్రిలులో జరిగిన మొదటి స్నాతకోత్సవమున నెహ్రూ ఈ మార్పునే ఎత్తి చూపి, నిర్బంధ శిబిరమున్న చోటనే భారతదేశపు భవిష్యత్తు రూపొందుచున్నదని భావము వచ్చునట్లు ప్రసంగించిరి. పాత భవనమునకు హిజ్లీ శహీద్ భవనమని పేరు వచ్చెను. 1990లో అందు నెహ్రూ విజ్ఞాన సాంకేతిక ప్రదర్శనశాల ఏర్పడినది.

పాత కట్టడముల నేమి చేయవలెనను ప్రశ్నకు లోకమున మూడు సమాధానములు కలవు. పారిసు ప్రజలు 1789లో బాస్టీలు కోటను పట్టుకొని, రాతిమీద రాయి నిలువకుండ కూల్చిరి. నేడు అక్కడ పేరు తప్ప కోట లేదు. అండమానులోని సెల్యులర్ జైలును, దాని ఏడు రెక్కలలో మిగిలినంతవఱకు, జాతీయ స్మారకముగ నిలిపిరి. అల్లూరి సీతారామరాజు అనుచరులలో కొందఱు అండమానునకు పంపబడిరి గనుక అది తెలుగువారికిని తీర్థమే. డబ్లిను నగరమున 1904లో పూర్తియైన గిన్నిస్ కంపెనీవారి బీరు కర్మాగారపు కట్టడము, పనికిరాక మూతపడిన పిదప, 2000లో ప్రదర్శనశాలగ తెరువబడినది. కూల్చుట, స్మారకముగ నిలుపుట, క్రొత్త పనికి వాడుకొనుట అనునవి ఆ మూడు మార్గములు. హిజ్లీ భవనము కూల్చబడలేదు. తక్కిన రెండు మార్గములును అందు కలిసినవి. అందులకు మన మెంతయు సంతసింపవలెను.

కాని నిలుపుట యనగా సున్నము కొట్టించి పేరు వ్రాయించుట మాత్రము కాదు. ముందు చెప్పిన డంగుసున్నపు మాటకు ఇప్పుడు రావలెను. పాత సున్నపు గోడకు చీలిక వచ్చినప్పుడు, పని త్వరగా ముగియవలెనని సిమెంటు పూయుట సర్వత్ర కానవచ్చు అలవాటు. సిమెంటు గట్టిదే, కాని అది చెమ్మను బయటికి పోనీయదు. లోన చిక్కిన చెమ్మ ఉప్పుతో కలిసి ఇటుకను పొడిపొడిగ రాల్చును. పైపూత నిగనిగలాడుచుండును, లోపలి గోడ నశించుచుండును. పాత గోడకు పాత సున్నమే మందు. ఇది హిజ్లీకే కాదు. మన యూరి తాలూకా కచ్చేరీకిని, పాత బడికిని, తాతగారి మిద్దెకును వర్తించును. మరమ్మతు పత్రములపై చేవ్రాలు చేయువారు మన సంఘ సభ్యులలోనే కలరు గనుక ఈ మాట సభాముఖమున చెప్పుట అవసరము.

జ్ఞాపకమునకును ఇదే నీతి వర్తించును. ఏటేట తెలుగు కుటుంబములు తమ బిడ్డలను ఐ.ఐ.టి.లో చేర్చుటకు ఖరగపూరు వచ్చుచున్నవి. స్టేషనులో దిగి, పురీ గేటు మీదుగ పోయి, వసతిగృహము చూచి, భోజనశాల రుచి విచారించి, మఱునాటి బండికి తిరిగిపోవుదురు. పాత భవనము ముందునుండి పోవుచునే యుందురు. లోనికి పోవువారు కొందఱే. ఇంట రెండేండ్లు, మూడేండ్లు ఏకాగ్రముగ చదివి ప్రవేశము సంపాదించిన బిడ్డకు, తాను కూర్చుండబోవు విద్యాలయపు తొలి తరగతిగదులు ఎవరి చెఱసాలయో తెలియకపోవుట బిడ్డ తప్పు కాదు. చెప్పవలసిన పెద్దలది. ఖరగపూరు రైల్వే నివాసములలో మూడు నాలుగు తరములుగ నున్న తెలుగువారు ఈ కథ చెప్పుటకు తగినవారు. వారి తాతలు సుత్తి పట్టిన పట్టణమునకు కూతవేటు దూరమున ఈ కాల్పులు జరిగినవి.

ఐదు ఉత్తరువులు ఒక భవనమునకు ఐదు జన్మల నిచ్చినవి. మొదటి ఉత్తరువు దానిని కచ్చేరీగా కట్టించి విడిచినది. రెండవది చెఱసాల చేసినది. మూడవది యుద్ధ కార్యాలయము చేసినది. నాలుగవది పాఠశాల చేసినది. ఐదవది ప్రదర్శనశాల చేసినది. ఇటుకలకు పుణ్యము లేదు, పాపమును లేదు. ప్రతి ఉత్తరువు వెనుకను బల్లముందు కూర్చున్న ఒక మనుష్యుడు, చేతిలో ఒక కలము ఉండెను. విచారణ లేని నిర్బంధమునకు కాగితము సిద్ధపరచినదియు కలమే; ఆ కాల్పులకు సమర్థన లేదని వ్రాసినదియు కలమే; విద్యాలయమునకు స్థలము మంజూరు చేసినదియు కలమే. దినదినమును దఫ్తరులపై వ్రాయు మనవారు, తాము వ్రాయునది ఎచటనో ఒక గోడ యగునని, ఆ గోడ వెనుక ఎవరో ఒకరు నివసింతురని మఱువకుందురు గాక.

సెప్టెంబరు 16వ తేదీన వీలైనవారు హిజ్లీ వెళ్లి ఆ ఇద్దఱి పేర్లు తలచుకొనుట మంచిది. వీలుకానివారు తమ యింటనే పిల్లలకు ఆ రెండు పేర్లు చెప్పవచ్చును: సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త.